నా భర్త గుండె పెద్దదైన సంవత్సరం

“నా చెవుల్లో డప్పు కొడతాండేది ఎవరు?” అని నా భర్త అడిగిన ఆ క్షణం, ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నా ఒళ్ళంతా చల్లబడిపోయింది, ఎందుకంటే ఆ రోడ్డు మీద డప్పు లేదు!

అది ఈస్టరు ఉదయం. మైదుకూరు నుంచి బయలుదేరి ఖాజీపేట దాటాం. ఆయన ముందు పరిగెత్తుతున్నారు, నేను నీళ్ళ సీసాలు సంచిలో వేసుకుని స్కూటీ మీద మెల్లగా వెనకే వస్తున్నాను. ఆయన ఉన్నట్టుండి కిలోమీటరు రాయి దగ్గర ఆగి, దాని మీద చెయ్యి ఆనించి, తల ఒక పక్కకు వంచి ఆ మాట అడిగారు. చుట్టూ శనగ కోసేసిన చేలు, దూరంగా ఒక లారీ, అంతే. ఆయన మెడ పక్కన నరం గుడ్డ కింద కప్పపిల్ల ఎగిరినట్టు ఎగురుతోంది. “స్కూటీ ఎక్కండి,” అన్నాను. “ఇది మొక్కుబడి మే. సగంలో బండెక్కితే మొక్కుబడి ఎట్లయితాది?” అని కసిరి, మిగిలిన దూరం కూడా తన కాళ్ళ మీదే కడపకు చేరుకున్నారు. గుడిలో, అదే చర్చిలో, అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

ఆ మొక్కుబడి సంగతి చెప్పాలి. నా భర్త దానియేలు ఒక ప్రైవేటు బడిలో పీఈటీ సారు, చదువుకునే రోజుల నుంచీ దూరపు పరుగంటే ఆయనకు ప్రాణం. నేను ఆలూరు పిల్లను, కర్నూలులో డిగ్రీ చదివాను, పుట్టుకతోనే భయస్తురాలిని, గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసుకునే మనిషిని. మా పెద్దవాడు జోయెల్. రెండో బిడ్డ కృప ఏడో నెలలోనే పుట్టి, కడప ఆసుపత్రిలో గాజు పెట్టెలో నా అరచేతికి కాస్త ఎక్కువగా, అంతే ఉండి, ముప్పై ఒక్క రోజులు ఊపిరి కోసం పోరాడింది. చివరికి బిడ్డను నా చేతికిచ్చి ఇంటికి తీసుకుపొమ్మన్న రోజు, ఈయన ఆసుపత్రి వరండాలోనే మోకాళ్ళ మీద పడి, ప్రతి ఈస్టరుకూ మా ఇంటి గడప నుంచి కడప గుడి మెట్ల దాకా, దాదాపు నలభై కిలోమీటర్లు, పరిగెత్తి వచ్చి నీకు స్తోత్రం చెల్లిస్తానని దేవునికి మొక్కుకున్నారు. ఆ ఒక్క రోజు కోసం ఏడాది పొడవునా సాధనే! ఊరంతా “దానియేలుకేమప్పా, గుర్రం” అనేది. గుర్రానికి జబ్బేమిటి అని నేనూ అనుకున్నాను. నాలుగో ఈస్టరుకు ఆ డప్పు మోగింది.

మరుసటి రోజే కడపలో గుండె డాక్టరు దగ్గరకు లాక్కుపోయాను. అక్కడున్న చిన్న డాక్టరు ఈయనను కూర్చోబెట్టి బీపీ చూస్తే నూట ఇరవై రెండు, ఎనభై. నాడి నిమిషానికి నలభై ఎనిమిది. “పరిగెత్తే మనిషికి నాడి ఇట్లనే నిదానంగా ఉంటాది. శానా బాగుండాడు, తీసుకుపోండి,” అన్నాడు. నా భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ నా వైపు చూసి నవ్వారు. సహోదరులారా, ఏనాడూ ఎవరికీ ఎదురు చెప్పని నేను ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు!

“సార్, ఈయనకు డప్పు వినపడింది కుర్చీలో కూర్చున్నప్పుడు కాదు, పరిగెత్తేటప్పుడు. పరిగెత్తించి చూడండి.”

“బయట పేషంట్లు శానామంది ఉండారు మేడం.”

“వాళ్ళందరి వెనక కూర్చుంటాం సార్. సాయంత్రం దాకా కూర్చుంటాం.”

కూర్చున్నాం. సాయంత్రం పెద్ద డాక్టరు ఈయన రొమ్ముకు వైర్లు, చేతికి పట్టీ కట్టించి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు. వేగం పెరిగే కొద్దీ బీపీ అంకె పెరిగింది, నూట తొంభై, రెండు వందల పద్దెనిమిది, రెండు వందల నలభై రెండు! డాక్టరుగారు చెయ్యెత్తి మిషను ఆపించారు. మా ఆయనకు సరిగ్గా ఆయాసం కూడా రాలేదు! తర్వాత గుండెకు ఎకో స్కానింగు తీస్తే గుండె గోడ మందమైందనీ, ఎడమవైపు పై గది పెద్దదైందనీ తేలింది.

“ఏళ్ళ తరబడి దూరాలు పరిగెత్తేవాళ్ళ గుండె కొంత పెద్దదవడం మామూలేనమ్మా, అదే జబ్బు కాదు,” అన్నారు పెద్ద డాక్టరు. “కానీ పరుగులో బీపీ ఇంత ఎక్కడం మంచిది కాదు. ఈ గుండెను పెంచింది పరుగా, బీపీయా అన్నది ఇప్పుడే చెప్పలేను. పరుగు ఆపి చూడాలి. మూడు నెలలు ఒక్క అడుగు కూడా పరిగెత్తకూడదు.” ఒక రోజంతా చేతికి కట్టి ఉంచే మిషను పెట్టి చూస్తే మామూలు పనుల్లో కూడా బీపీ కొంత ఎక్కువగానే ఉంది. అందుకని రోజుకొక చిన్న మాత్ర రాశారు, ఉప్పు తగ్గించమన్నారు. ఇదంతా విని బయటికొచ్చి నా భర్త అన్న మొదటి మాట, “మూడు నెలలు ఆపితే వచ్చే ఈస్టరుకు కాళ్ళు లేస్తాయా?”

ఆ ఆదివారం మా మైదుకూరు గుడిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, ఆయన లేచి నిలబడ్డారు. “డాక్టరు నా గుండె పెద్దదైందంటాండాడు! నువ్వు నా హృదయాన్ని విశాలం చేస్తే నీ దారిలో పరిగెత్తుతానని కీర్తనల్లో భక్తుడు పాడలేదా? దేవుడు ఆ మాట నాకు నెరవేర్చినాడు. పరుగు ఆపేది లేదు, మాత్రలు మింగేది లేదు!” సంఘమంతా హల్లెలూయా అంది. మా అత్త సువార్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ముందు వరసలో ఒక పెద్దాయన “పెద్ద గుండెప్పా, వాళ్ళ నాయనదీ అంతే!” అన్నాడు గట్టిగా, వాళ్ళ నాయన నలభై ఆరేళ్ళకే చేనులో కూలిపోయిన సంగతి మరిచిపోయి.

ఆ మాట చెవిన పడగానే నేను చాప మీద నుంచి లేచాను. “ఆ భక్తుని హృదయం వేరు, ఈ గుండె వేరు. దేవుడు విశాలం చేసే హృదయాన్ని మిల్లీమీటర్లలో ఎవరూ కొలవలేరు. ఈయనది కొలిచి కాగితం మీద రాసిచ్చారు! ఇది వాక్యం నెరవేరడం కాదు, ఇది వైద్యం చేయించుకోవాల్సిన గుండె!” వెనక నుంచి ఎవరో “చదువుకున్న కోడలు గదా” అన్నారు. అవును, చదువుకున్నాను! దేవుడు నన్ను చదివించింది ఆ రోజు కోసమే అని ఈనాటికీ నమ్ముతున్నాను.

ఆ సాయంత్రం మా పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చారు. తిడతారేమో అనుకున్నాను. ఆయన టీ తాగి, జేబులోంచి మాత్రల అట్ట తీసి నా భర్త ముందు పెట్టారు. “బీపీ మాత్ర దానియేలూ. తొమ్మిదేండ్లుగా మింగుతాండా. స్వస్థత కోసం ప్రార్థన చేసేటోడు మాత్ర మింగుతాడా అని నగుతారని సంఘంలో చెప్పలా. పొద్దున ఈ పాప లేచి మాట్లాడినాక నాకు సిగ్గయిందప్పా.” నా భర్త ఆ అట్టను తిప్పి చూసి, లోపలికి పోయి తన మొదటి మాత్ర మింగారు. దేవునికే మహిమ! పరుగు కూడా ఆపారు. కానీ మనసు ఆగలేదు. మా అత్త దాన్ని ఆగనివ్వలేదు. “మాత్ర మింగితే మింగనీ. మొక్కుబడి మాత్రం దేవునిది మే. రేపు బిడ్డకేమన్నా అయితే పూచీ ఎవురిది?” అని రోజుకొకసారైనా అనేది.

జూన్‌లో బడులు తెరిచిన వారమే కృపకు జ్వరం వచ్చింది. మూడు రోజులు మందు వేసినా దిగలేదు. మా అత్త నా వైపు చూసేది, ఆ చూపే చాలు. నానమ్మ మాటలన్నీ విన్న ఆ పసిది వేడి చేత్తో నా చెయ్యి పట్టుకుని, “అమ్మా, నాన్న పరిగెత్తకపోతే నేను సచ్చిపోతానా?” అని అడిగింది. నేను దాని నుదుటి మీద తడిగుడ్డ మార్చాను, అంతే, ఎందుకంటే, దేవుని ఎదుట దాచేదేముంది, నా లోపలి భయం కూడా సరిగ్గా అదే ప్రశ్న అడుగుతోంది!

నాలుగో రోజు తెల్లవారగానే ఆయన షూ వేసుకున్నారు. “ఖాజీపేట దాకా పోయొస్తా. ఒక్కసారి. బిడ్డ కోసం.” నేను పోయి గడపకు అడ్డంగా కూర్చున్నాను.

“లెయ్ మే, ఏం పిచ్చి చేష్టలు.”

“దాటుకుని పోండి. కాళ్ళ బలం శానా ఉండాది కదా మీకు!”

ఆయన కదల్లేదు. నేను అక్కడే కళ్ళు మూసుకుని, వీధిలో పోయేవాళ్ళు వింటున్నా సరే అని, గట్టిగా ప్రార్థన చేశాను. “ప్రభువా, బిడ్డ ఊపిరికి బదులుగా తండ్రి గుండెను అడిగే దేవుడివి నువ్వు కావు! నువ్వు అట్లాంటివాడివని ఎవరు చెప్పినా నేను నమ్మను, నా భయమే చెప్పినా నమ్మను! ఈ మొక్కుబడి ఆగినందుకు ఎవరినైనా నిలదీయాలంటే నన్ను నిలదీయి, ఇదిగో ఈ గడప మీదే ఉన్నాను. ఈ మనిషిని మాత్రం నేను వదలను!”

అంత పొగరుగా దేవునితో మాట్లాడినందుకు పిడుగు పడుతుందనుకున్నాను. పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన నా పక్కన కూర్చుని షూ తాళ్ళు విప్పుకుంటున్నారు. మా అత్త వచ్చి ఆ షూ చేతిలోకి తీసుకుంది. “మీ మామ కూడా చేన్లో కూలిన ఆ పొద్దు చెవుల్లో గుయ్యిమంటాందన్యాడు మే,” అంది నాతో, మెల్లగా. “నీళ్ళు తాగు పోతాది అన్యా నేను.” ఆ షూ యాడ పెట్టిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. కృపను ఆ పూటే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకుపోయాం, మందు మార్చారు, రెండు రోజులకు జ్వరం దిగిపోయింది. నాన్న ఒక్క అడుగు కూడా పరిగెత్తకుండానే దిగిపోయింది!

జూలైలో మళ్ళీ ఎకో తీశారు. గుండె గోడ మందం తగ్గింది! ట్రెడ్‌మిల్ మీద అదే వేగానికి బీపీ రెండు వందలు దాటలేదు. పై గది మాత్రం ఇంకా కాస్త పెద్దదిగానే ఉంది, ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి, మాత్ర మానకూడదు, పక్కవాళ్ళతో మాట్లాడుతూ పోగలిగినంత మెల్లగా పరిగెత్తవచ్చు, నలభై కిలోమీటర్లు మాత్రం వద్దు అన్నారు. కొందరు నన్ను అడుగుతారు, మాత్ర మానకపోతే అది జబ్బు నుంచి విడుదల ఎట్లవుతుందని. నేను వాళ్ళను అడుగుతాను, ఆ రోజు ఆసుపత్రి కుర్చీలోంచి నన్ను లేవకుండా కూర్చోబెట్టింది ఎవరు? గ్యాసు పొయ్యికి కూడా భయపడే దాన్ని గుడిలో లేపి నిలబెట్టింది ఎవరు? నా విడుదల అది!

పిల్లలు నిద్రపోయాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను, చదివే అక్కచెల్లెళ్ళలో నాలాంటి భయస్తురాలు ఒక్కరైనా ఉంటారని. అమ్మా, మీ ఇంట్లో గుర్రంలాంటి మనిషికి చెవుల్లో డప్పు మోగితే, రొమ్ము పట్టేస్తే, కళ్ళు తిరిగితే, కూర్చోబెట్టి చూసిన అంకెతో తృప్తిపడి ఇంటికి రావద్దు. అడగండి, అడిగితే పోయేదేమీ లేదు. మన దేవుడు బేరాలు ఆడేవాడు కాడు, ఆయనను నమ్మి చూడండి, మొక్కుకోకముందే ఇచ్చినవాడు ఆయన! ఆ కృపకు స్తోత్రం, ఆయన నామానికే ఘనత!

రిపోర్టు వచ్చిన మరుసటి రోజు ఉదయం పిల్లలిద్దరికీ బొరుగుల ఉగ్గాని పెట్టి ఎదురుగా కూర్చున్నాను. “కృపా, పోయిన నెల నువ్వు ఒకటి అడిగితే నేను చెప్పలేకపోయాను. ఇప్పుడు విను, జోయెల్, నువ్వూ విను. చెల్లి గాజు పెట్టెలో ఊపిరి పీల్చుకున్న రోజున నాన్న ఇంకా ఒక్క అడుగు కూడా పరిగెత్తలేదు. ముందు చెల్లి బతికింది. ఆ తర్వాతే నాన్న పరిగెత్తినాడు. అర్థమైందా? తినండి, బడికి టైమవుతాంది. ఈ పొద్దు నాన్న మిమ్మల్ని నడిపించుకుని పోతాడు. దారిలో ఆయన్ని తొందరపెట్టొద్దండి.”