మంచం లేని గది

సుబ్బలక్ష్మి తన దగ్గరికి వచ్చినవాళ్లను నొప్పి ఎక్కడని ముందు అడగదు. ఇంట్లో ఎక్కడ కూర్చుంటారని అడుగుతుంది. ఈ అలవాటు ఆమెకు చదువుతో రాలేదు. ఎల్లయ్య వల్ల వచ్చింది.

అది 2011. మాదాపూర్‌లో ఆమెది రెండు గదుల ఫిజియోథెరపీ క్లినిక్. సొంతూరు కడప వైపు. పాలమూరు నుంచి వచ్చిన ఎల్లయ్య నానక్‌రామ్‌గూడలో కడుతున్న భవనాల్లో నేలకు బండలు పరిచేవాడు. నిచ్చెన మీది నుంచి పడి మోకాలు విరిగింది. ఎముక అతుక్కుంది గాని కాలు సగమే వంగుతోంది. గొంతుక్కూర్చోలేనివాడు బండలు పరవలేడు. అతనికి వేరే పని రాదు.

ఆమె కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. మంచం అంచున కూర్చుని, కాలు వేలాడదీసి, మెల్లగా వంచాలి.

"చేస్తన్న మేడం" అనేవాడు ప్రతి వారం. మోకాలు మాత్రం వంగలేదు. ఒళ్లు వంచడనుకుంది.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు ఆగాయి. ఎల్లయ్య రెండు వారాలు రాలేదు. ఇంకా ఆలస్యమైతే కీలు అలాగే బిగుసుకుపోతుంది. ఆమే స్కూటీ మీద వెళ్లింది.

రేకుల గది, మట్టి నేల. చాప, పొయ్యి, నాలుగు గిన్నెలు. ఆమె గీసిన కాగితం గోడకు అంటించి ఉంది. మంచం లేదు.

"నాతో చెప్పొచ్చు కదన్నా?"

ఎల్లయ్య తల దించుకున్నాడు. భార్య కనకమ్మ అందుకుంది. "చెప్పనీకి సిగ్గాయె. రోజు నిలవడి కాలు ఊపుతుండె మేడం, కొంగ లెక్క."

సుబ్బలక్ష్మి కాగితం ఊడదీసింది. బయట పడివున్న బండముక్కలు తెప్పించి మోకాలెత్తున పేర్పించింది.

"దీని మీద కూర్చో, లెయ్యి. ఓర్చుకోగలననిపించిన రోజు ఒక బండ తీసెయ్. ఆ రోజు ఎప్పుడనేది నువ్వే చెప్పాల, నేను కాదు."

"తెలంగాణ వస్తే కడపకు పోతవా మేడం?" అన్నాడు ఎల్లయ్య.

"ముందు నీ మోకాలు వంగనీ. యాడికి పోవాల్నో తర్వాత చూస్తా."

సమ్మె ముగిసి బస్సులు తిరిగాయి. అయినా ఆమె అక్కడికే వెళ్లేది. కొన్ని వారాలు ఒక్క బండ కూడా తగ్గేది కాదు. ఆమె ఎందుకని అడగలేదు.

చలి మొదలైన ఒక ఉదయం అతను చివరి బండ తీసి పక్కన పెట్టాడు. నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఒక మడమ ఆనలేదు. ఆమె చెయ్యి అందించబోయింది.

"ఆగు మేడం."

మట్టి నేలను అరచేత్తో చదును చేసి బండ పరిచాడు. అంచు తట్టి చూశాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒక అడుగు వెనక్కి జరిగి రెండోది పరిచాడు. మూడోదానికి ముఖమంతా చెమట పట్టింది.

"ఇయ్యాల్టికి చాలు" అన్నాడు. గోడ పట్టుకుని లేచాడు.

"గివే బండలు మనింట్ల ఇంతకుముందు ఎన్నడన్న పరిస్తివా?" అంటూ కనకమ్మ చాప తీసి అవతలికి వేసింది. "రేపు గీ పక్క పర్వు."