అడ్డాకు కుట్టు

నేను పదకొండు డిటెక్టివ్ నవలలు రాశాను. వాటిలో మొదటి తొమ్మిదీ ఇప్పుడెవరైనా చదువుతానంటే నేనే వద్దంటాను. పదోది పర్వాలేదు. పదకొండో దాని సంగతి చెప్పాలి.

తొంభైల్లో నేను ముంచింగిపుట్టు గిరిజన ఆశ్రమ పాఠశాలలో తెలుగు మాస్టార్ని. మా సొంతూరు విజయనగరం వైపు. ఉద్యోగం అక్కడ పడితే భార్యని వెంటబెట్టుకుని కొండెక్కేశాను. బడి అయ్యాక చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. వానాకాలంలో రోడ్డు తెగితే పేపరు కూడా నాలుగు రోజులకి గాని వచ్చేది కాదు. అలా మొదలుపెట్టాను రాయడం. విజయవాడలో ఒక పబ్లిషర్ వేసేవారు. అద్దె లైబ్రరీల్లో, బస్టాండు బడ్డీల్లో తిరిగే పాకెట్ సైజు పుస్తకాలు. "ప్రతి ఇరవై పేజీలకీ పాఠకుడు ఉలిక్కిపడాలి మాస్టారూ" అని ఆయన ప్రతి ఉత్తరంలోనూ రాసేవారు. నేను ఉలిక్కిపడేట్టే రాసేవాణ్ణి.

"మీరుండే చోటు పెట్టండి, అడవీ కొండలూ ఉంటే జనం చదువుతారు" అని కూడా అన్నారు. పెట్టాను. విషపు బాణాలు పెట్టాను, అర్ధరాత్రి పూజలు పెట్టాను. ఇన్నేళ్లలో ఇక్కడ వాటిలో ఒక్కటీ నేను కంటితో చూసింది లేదు. ఒక పుస్తకం అట్ట మీద తల నిండా ఈకలు పెట్టుకున్న మనిషి బొమ్మ వేశారు. మా బడి పక్క పసుపు పండించే రైతు ఆ అట్ట చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఈనెవరు మాస్టారూ, ఏ ఊరు?" అనడిగాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

పదకొండో నవల సగంలో ఆగిపోయి ఉండగా ఆ పార్సిల్ వచ్చింది. రిజిస్టర్డ్ పోస్టు. బ్రౌన్ పేపర్ అట్టలు వేసిన మూడు లాంగ్ నోట్‌బుక్కులు, పైన పబ్లిషర్ ఉత్తరం. "మీ ఏజెన్సీ ప్రాంతం నుంచే ఎవరో నర్సమ్మ రాసి పంపింది. వేయొచ్చో లేదో ఒక్క మాట రాయండి. క్రైమ్ విషయంలో మీ మాటే నాకు ప్రమాణం." చదివి కొంచెం పొంగిపోయాను కూడా.

ఆదివారం మధ్యాహ్నం, బయట వాన. మొదటి నోట్‌బుక్ తెరిచాను. టీకాల రిజిస్టర్లు రాసీ రాసీ అలవాటైన గుండ్రటి అక్షరాలు. కథలో డిటెక్టివ్ లేడు. వెంటాడ్డాలు లేవు. ఒక సంత, ఆ సంతకి వచ్చే పసుపు వ్యాపారి. తూకం వేసేటప్పుడు అతను కాలి బొటనవేలితో బస్తాని ఎలా ఎత్తిపడతాడో ఒక పేజీ రాసింది. మా ఇంటికి రెండు వందల గజాల దూరంలో జరిగే సంతకి పదేళ్లుగా వెళ్తున్నాను, ఆ వేలు నేనెప్పుడూ చూడలేదు. వ్యాపారి సంత వెనక చచ్చిపడి ఉంటాడు. పక్కన సగం తిన్న అన్నం, అడ్డాకుల విస్తరి. పోలీసులు వస్తారు, భాష తెలీక ఎవరినో పట్టుకుపోతారు. అప్పుడు ఒక ముసలామె ఆ విస్తరి తిప్పి వెనకవైపు చూస్తుంది. వెదురు పుల్లలతో ఆకులు కుట్టేటప్పుడు కొన్ని ఊళ్లవాళ్లు తొడిమ వైపు నుంచి మొదలుపెడతారట, కొన్ని ఊళ్లవాళ్లు కొన వైపు నుంచి. "ఇది కొండకి ఇవతలి చెయ్యి కాదు" అంటుంది. అంతే. అక్కడి నుంచి హంతకుడి ఇంటిదాకా కథ నడిచి వెళ్లిపోతుంది.

నా ఒళ్లు జలదరించింది. వానలో వెలుతురు పోయేదాకా అలా కూర్చునే ఉన్నాను.

"ఏటండీ, అలా కూకుండిపోయారు? బాగులేదేటి?" అంది మా ఆవిడ.

"పర్వాలేదు" అన్నాను.

ఆవిడ ఆ వారంలో మూడు నోట్‌బుక్కులూ చదివేసింది. నా నవలలు ఆవిడ ఎప్పుడూ రెండో అధ్యాయం దాటలేదు.

ఆ రోజుల్లో నా పరిస్థితి ఇది. పన్నెండు అధ్యాయాలు రాశాను. హత్య చేసిందెవరో నాకు తెలుసు గాని అది ఎలా బయటపడాలో తెలీదు. ఆ పాటికి పబ్లిషర్ నా పదో పుస్తకం వెనక అట్ట మీద ప్రకటన కూడా వేసేశారు. ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తున్నాయి. నర్సమ్మ నోట్‌బుక్కులు ట్రంకు పెట్టెలో పెట్టాను. అభిప్రాయం రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నాను. ఒకరోజు కూర్చుని పద్నాలుగో అధ్యాయం రాస్తుంటే నా ఇన్‌స్పెక్టరు ఒక విస్తరి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

అతని చేత చూపించింది నేనే. కానీ ఆ క్షణంలో అలా అనిపించలేదు. ఊరికో కుట్టు అనేది ఇక్కడి ఆచారం, ఆచారం మీద ఎవరికి హక్కుంటుంది, ఇక్కడే ఉంటున్నాను కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు నేనూ చూసి ఉండేవాణ్ణే, అని నాకు నేను చెప్పుకున్నాను. ఫెయిర్ కాపీ పేజీలు సర్దుతూ మా ఆవిడ చదివింది.

"ఇది ఆ పిల్ల రాసిందే కదేటి?" అంది.

"ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే అది."

"నాకు తెలీదే. మీకు తెలుసేటి ముందు?"

నేను పేజీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆవిడ మళ్లీ అడగలేదు. అడిగుంటే కోపం తెచ్చుకునేవాణ్ణి, కోపం వస్తే కాస్త తేలికపడేవాణ్ణి.

ఆ మర్నాడే పబ్లిషర్‌కి నా అభిప్రాయం రాశాను. "భాష బాగుంది. బిగువు లేదు. దీన్ని పక్కనబెట్టి ఇంకోటి రాయమనండి." ఒక్కో ముక్కా విడిగా చూస్తే పెద్ద అబద్ధం కాదు.

నవల వచ్చింది. అంతకుముందు ఏ పుస్తకానికీ రానన్ని ఉత్తరాలు వచ్చాయి. అన్నిటిలోనూ ఆ విస్తరి సంగతే. గుంటూరు నుంచి ఒకాయన "గిరిజన జీవితం మీద తమరి పరిశోధన అమోఘం" అని రాశాడు. నాకు అన్నం సహించడం మానేసింది. పోస్టు సంచీ వచ్చే వేళకి క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ ఎక్కడున్నానో మర్చిపోయేవాణ్ణి. పాడేరు బస్సు ఆగితే ఎవరు దిగుతున్నారా అని కిటికీలోంచి చూసేవాణ్ణి. నర్సమ్మ అంటే తెల్లచీరే కట్టుకుంటుందనుకుని తెల్లచీర కనిపించినప్పుడల్లా గుండె గుభేలుమనేది. నోట్‌బుక్కులు తిప్పి పంపేద్దామంటే దానికి ఒక ఉత్తరం జతచెయ్యాలి. ఆ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో. ట్రంకు పెట్టె ఉన్న గదిలోకి వెళ్లడం తగ్గించేశాను. నా నవలల్లో నేరస్థులు పథకాలు వేస్తారు, ఆనవాళ్లు చెరిపేస్తారు. నేనేమీ చెయ్యలేదు. ఎదురుచూశాను, అంతే.

ఆమె ఒక సంత రోజున వచ్చింది, పొద్దున్న పదకొండింటికి. తెల్లచీర కాదు, ఆకుపచ్చ నేత చీర. చంకలో నల్ల గొడుగు, భుజాన సంచీ. ఇరవై ఆరేళ్లుంటాయేమో. గుమ్మం బయటే చెప్పులు విడిచి నమస్కారం పెట్టింది.

"నేనేనండి ఆ నవల పంపింది. కొయ్యూరు వైపు సబ్‌సెంటర్లో చేస్తున్నాను. మీరే చదివారని పబ్లిషర్ గారు రాశారు. ఒకసారి కలుద్దామని రెండు బస్సులు మారి వచ్చాను."

మా ఆవిడ కూర్చోమంది, టీ పెట్టడానికి లోపలికెళ్లింది. నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను గాని నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"సార్, బిగువు అంటే ఏటండి?" అంది.

ఎకసెక్కెం కాదు. నిజంగానే అడిగింది. చిన్న నోట్‌బుక్కూ పెన్నూ తీసి పట్టుకుని ఉంది కూడా. నేను ఏదో చెప్పాను. కుతూహలం అన్నాను, అధ్యాయం చివర మలుపు అన్నాను. ఆమె రాసుకుంది. నేను చెప్పే ప్రతి మాటా ఆ గుండ్రటి అక్షరాల్లో దిగుతుంటే ఆపమని అరవాలనిపించింది.

తర్వాత సంచీలోంచి నా పుస్తకం తీసింది.

"నర్సీపట్నం బస్టాండులో కొన్నాను. మూడుసార్లు చదివాను సార్. అడ్డాకు కుట్టు సంగతి మీకెలా తెలిసింది?"

జవాబు ముందే తయారుచేసి పెట్టుకున్నాను. నెలల తరబడి మనసులో అప్పజెప్పుకుంటున్నదే. "ఇక్కడే కదమ్మా ఉంటున్నాం. సంతలో చూస్తూనే ఉంటాం. ఊరికో రకంగా కుడతారు, కొందరు తొడిమ నుంచి, కొందరు కొన నుంచి..."

"లేదు సార్" అంది.

గొంతు పెంచలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని దాని అట్ట వైపు చూస్తూ చెప్పింది. "ఊరికో కుట్టు అనేది ఎక్కడా లేదండి. చేతికందినట్టు కుట్టుకుంటారు. మా అమ్మ విస్తళ్లు కుడతా ఉంటే చూస్తూ, అలా తేడా ఉంటే బాగుణ్ణు కదా, కుట్టు చూసి ఊరు చెప్పేయొచ్చు కదా అనుకున్నాను. అది నేను కల్పించిందండి."

వంటింటి గుమ్మం దగ్గర మా ఆవిడ టీ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది.

ఆచారం మీద ఎవరికి హక్కుంటుందని కదా నేను అనుకున్నది. అది ఆచారమే కాదు. ఈ లోకంలో ఒకే ఒక్క మనిషి బుర్రలో పుట్టిన సంగతి. నాకు అది చేరడానికి ఒకే ఒక్క దారి ఉంది. అన్నేళ్లు ఆ ఊళ్లో ఉండీ, అది నిజమో కల్పనో కూడా నాకు తెలీలేదు.

"తీసుకున్నానమ్మా" అన్నాను. "నీ పుస్తకంలోంచే తీసుకున్నాను."

ఆమె నా పుస్తకం సంచీలో పెట్టేసింది. తర్వాత, "మరి బాగులేదని ఎందుకు రాశారు?" అంది.

"బాగుందంటే ముందు నీదే వేస్తారు. అప్పుడు నేను వాడుకోడానికి ఉండదు."

ఇది పైకి చెప్పిన తర్వాత గాని నాకే పూర్తిగా అర్థం కాలేదు. ఆమె తలూపింది, రోగి చెప్పింది విన్నట్టు. నోట్‌బుక్కులు ఇమ్మంది. ట్రంకు పెట్టె తెరిచి తెచ్చిచ్చాను. మూడూ సంచీలో పెట్టుకుని లేచింది. టీ తాగలేదు. మా ఆవిడ చెప్పులేసుకుని ఆమెతోపాటు బస్సుదాకా వెళ్లింది. తిరిగొచ్చి, "బస్సెక్కీదాకా ఒక్క మాటన్లేదా పిల్ల. తిట్టినా బాగుణ్ణు" అంది.

పబ్లిషర్‌కి జరిగిందంతా రాశాను. నా పుస్తకం ఆపెయ్యమన్నాను, ఆమెది వెయ్యమన్నాను. ఆయన జవాబు ఇన్‌లాండ్ లెటర్లో సగం కూడా నిండలేదు. "ఇలాంటివి మన ఫీల్డులో మామూలే, మనసులో పెట్టుకోకండి. కాపీలన్నీ ఎప్పుడో వెళ్లిపోయాయి. కొత్త నవల త్వరగా పంపండి." ఇంకోసారి రాశాను. ఈసారి టీవీ సీరియళ్లొచ్చి జనం చదవడం మానేశారనీ, లైబ్రరీలవాళ్లు క్యాసెట్లు అద్దెకిచ్చుకుంటున్నారనీ, కొత్తవాళ్లని వేసే రోజులు కావనీ రాశారు. నేను పన్నెండో నవల రాయలేదు. మానేయాలని ఒట్టేమీ పెట్టుకోలేదు. కాయితం ముందు కూర్చుంటే రాసే ప్రతి వాక్యం ఎవరిదో అన్న అనుమానం వచ్చేది. ఆమెకి రెండు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. మూడోదానికి కార్డు ముక్క వచ్చింది. "రాస్తున్నాను సార్" అని, అంతే.

రెండువేల సంవత్సరం తర్వాత నాకు అరకు బదిలీ అయింది. అక్కడికెళ్లిన కొన్నేళ్లకి విశాఖలో ఓ చిన్న ప్రచురణ సంస్థ ఆమె నవల వేసింది. ఆమె నాకూ ఒక కాపీ పంపింది. నిలబడే పేజీలు తిప్పాను. సంత ఉంది, వ్యాపారి బొటనవేలుంది, ముసలామె ఉంది. విస్తరి లేదు. ముసలామె మిగిలిన కూర వాసన చూసి, అది ఎవరింటి వంటో చెబుతుంది. బాగానే ఉంది. విస్తరి అంత బాగా లేదు.

ఆవిష్కరణ సభ అరకులోనే పెట్టారు. నలభై మంది దాకా వచ్చారు. నన్ను పాత రచయితగా రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందుకెళ్లి జరిగిందంతా చెప్పేశాను. ఏ వరసలో చెప్పానో గుర్తులేదు. ముందు వరసలో ఒకాయన జోకనుకుని నవ్వాడు, తర్వాత ఆపేశాడు. ఆమె వేదిక మీద తల వంచుకుని కూర్చుంది. నేను మళ్లీ తప్పు చేశానేమో, ఆమె రోజుని నా పాపం కడుక్కోడానికి వాడుకున్నానేమో అని దిగుతుండగానే భయం పట్టుకుంది. ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సభ అయ్యాక బయట అడిగాను. "కుట్టు ఎందుకు తీసేశావమ్మా?"

"మీ పుస్తకం ముందొచ్చింది కదా సార్. నేనే కాపీ కొట్టానంటారని తీసేశాను."

"రెండో ముద్రణలో పెట్టు. కావాలంటే నేను ముందుమాట రాస్తాను."

"ముందుమాట వద్దండి" అంది వెంటనే. కాస్త ఆగి, "ఇందాక చెప్పారు కదా, అది కాయితం మీద రాసి సంతకం పెట్టివ్వండి, చాలు" అంది.

అక్కడే ఆ హాలు మెట్ల మీద కూర్చుని రాసిచ్చాను. ఆమె చదివింది. ఒక చోట "ప్రభావితుడనై" అని రాశాను. ఆ మాట మీద వేలు పెట్టి చూపించింది. కొట్టేసి "దొంగిలించి" అని రాశాను.

మూడేళ్లకి రెండో ముద్రణ వచ్చింది, విస్తరితో సహా. నా కాయితం చివరి పేజీలో ఉంది. అది చూసి కొందరు పాత మిత్రులు పలకరించడం మానేశారు. ఎందుకో మరి, కొందరు కొత్తవాళ్లు రాతప్రతులు పంపడం మొదలుపెట్టారు. పార్సిల్ కనబడితే ఇప్పటికీ నా అరచేతులకి చెమటలు పడతాయి. ఎవరి ప్రతీ నా ఇంట్లో రెండు రోజులు మించి ఉండనివ్వను. ఈ మధ్య పాచిపెంట నుంచి ఒకతను పంపినదాంట్లో హంతకుడెవరో మూడో పేజీలోనే తెలిసిపోయింది. అయినా చివరిదాకా చదివాను. బాగున్న చోట్లన్నీ పేజీ నంబర్లతో రాసి, మర్నాడు పోస్టాఫీసు తలుపు తియ్యకముందే వెళ్లి నిలబడ్డాను.