బొట్టు పెట్టిన కంప్యూటర్

మాది తాడేపల్లిగూడెంలో చిన్న ఫొటో స్టూడియో. మొన్న పెళ్లిళ్ల సీజన్‌కి ముందు కొత్త కంప్యూటర్ కొన్నాను. మెకానిక్ వచ్చి పాతదాంట్లోని విండోస్, ఫొటోలు, సమస్తం ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి ఎక్కించాడు. రెండింటినీ శుభ్రంగా తుడిచి, పక్కపక్కనే పెట్టి వెళ్లాడు.

నేను భోంచేసి వచ్చేసరికి, పాత కంప్యూటర్లు కొనే ఏలూరాయన వ్యాన్ తెచ్చి గుమ్మంలో తొందరపడుతున్నారు. చూస్తే రెండు డబ్బాలూ నల్లవే. ఒకటి ఆన్ చేస్తే స్క్రీన్ మీద నేను తీసిన కొల్లేరు గూడబాతులు. రెండోది ఆన్ చేసినా అవే గూడబాతులు! ఏది పాతదో, ఏది కొత్తదో తెలియక బుర్ర తిరిగిపోయింది. అప్పుడు కనబడింది, ఒకదాని మీద కుంకుమ బొట్టు. మా అత్తయ్యగారు కొత్తదానికి పూజ చేసి ఉంటారనుకుని, బొట్టు లేనిదాన్ని ఆయనకిచ్చి పంపేశాను.

కాసేపటికి అత్తయ్యగారు వచ్చారు.

"అదేంటమ్మా, పాతది ఇంకా పంపలేదా? ఇన్నేళ్లు మనకి అన్నం పెట్టింది కదా అని బొట్టు పెట్టి ఉంచాను."

వెంటనే ఏలూరాయనకి ఫోన్ చేశాను.

"ఏవండీ, మీరు తీసుకెళ్లింది కొత్తదండీ!"

"భీమడోలు దాటేశానండీ. నేనూ అనుకున్నానండీ, ఇంత మంచిది ఇచ్చేస్తున్నారేంటా అని."

పాపం, విసుక్కోకుండా వెనక్కి తెచ్చిచ్చారు. ఈసారి పాతదాన్ని వ్యాన్ ఎక్కిస్తుంటే, అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి అలవాటుగా "వెళ్లిరా తల్లీ" అన్నారు.

"రమ్మనకండి అత్తయ్యగారూ!" అని అరిచాను.