ఇంద్రేశం దాకా వచ్చిన ఉత్తర్వు

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది నేను పటాన్‌చెరు పక్కన ఒక చిన్న దవాఖానలో నర్సుని. మా డాక్టరమ్మ ఏ సంగతైనా ముందు తనకు తెలియనిది చెప్పి, ఆ తర్వాతే తెలిసింది చెప్పేది.

ఒకరోజు ఇంద్రేశం నుంచి ఒక ఫ్యాక్టరీ కార్మికుడు గర్భిణి అయిన భార్యను జ్వరంతో తీసుకొచ్చాడు. స్వైన్ ఫ్లూ మందు జిల్లా వైద్యాధికారి దగ్గరే ఉంది. పరీక్షలో ఆ జబ్బేనని తేలితేనే ఇవ్వాలని అప్పటి నియమం. డాక్టరమ్మ ఆయనకు ఫోన్ చేసింది.

"ఇది అదే జ్వరమని నాకు ఖాయంగా తెల్వది సార్. కానీ గర్భిణికి ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తది. రిపోర్టు కోసం ఆగొద్దు."

"మీకే తెల్వదంటే పైవాళ్లకు నేనేం చెప్పాలె మేడమ్?" అన్నాడాయన. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. మందు పంపలేదు.

అదే జ్వరమని రిపోర్టు వచ్చేసరికి ఆ గర్భిణి ప్రాణాలతో లేదు. కడుపులో బిడ్డా దక్కలేదు.

డాక్టరమ్మ ఆయన ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి ఆయనే పైవాళ్లను ఒప్పించాడు. గర్భిణులకు అనుమానం ఉంటే చాలు, మందు ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. మేమంతా సంబరపడ్డాం. ఆమె మాత్రం నన్ను వెంటబెట్టుకొని ఇంద్రేశం వెళ్లి ఆ భర్తకు సంగతి చెప్పింది.

"మంచిగైందమ్మా, ఇగ వేరేటోళ్లన్న బతుకుతరు," అన్నాడతను. "జెర ముందుగాల వస్తే మా ఆమె గూడ ఉండేది."

డాక్టరమ్మ అతని పక్కనే అరుగు మీద కూలబడింది. అంతవరకు ఆమె ఏడవడం నేను చూడలేదు.