కారం మిషన్ పక్కన పీట

మా వదిన పోయిందని ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను నంద్యాలలో మిరపకాయల బేరంలో ఉన్నాను. బేరం ముగించుకునే బస్సెక్కాను. అలా ఎందుకు చేశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. సరుకు లేకుండా వెళితే ఆమె ఏమంటుందోనన్న భయం కావచ్చు.

వదిన అంటే మా ఆయనకు అక్క. తొంభైల నడుమ ఆళ్లగడ్డలో ఆమె ఇంటి ముందరి గదిలో ఇద్దరం కారంపొడి వ్యాపారం పెట్టాం. సరుకు, లెక్కలు నావి. మిషను, పనిమనుషులు ఆమెవి.

ఆ మిషన్ గురించి చెప్పకుండా ఆమె గురించి చెప్పలేను. పాతది కొన్నాం. గంటసేపు బుద్ధిగా తిరిగేది, తర్వాత బెల్టు జారి ఆగిపోయేది. మోటారు కింద ఒక చెక్కముక్క ఉండేది. అది కాస్త కదిలినా బెల్టు వదులయ్యేది. పక్కనే పీట మీద కూర్చుని ఉండే వదిన లేచి, "మళ్లా అలిగినావా? నీకేం పెండ్లిచీర తక్కువైందా?" అని దాన్ని తిట్టేది. చల్లబడితే గానీ కదలదనేది. పనిచేసే ముగ్గురు ఆడవాళ్లూ ఆ ఘాటులోంచి బయటపడి, అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగేవాళ్లు. వదిన తీరిగ్గా చెక్క సర్దేది.

నాకది గిట్టేది కాదు. నడుమ కాసేపు విరామం కావాలని వాళ్లు మొదట్లోనే అడిగారు. తీసుకోండి, ఆ మేరకు కూలి తగ్గుతుందన్నాను. మిషన్ ఆగిన సమయానికీ అదే పద్ధతి అన్నాను. వదిన ఒప్పుకోలేదు.

"మిషన్ నిల్సిపోతే మనుసులేం జేస్తారుమ్మే? వాళ్ల దుడ్లు కొయ్యొద్దు" అంది.

మాటలో న్యాయం ఉంది కాబట్టి తలూపాను.

ఒకసారి నంద్యాల నుంచి మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లాను. అతను ఉన్నంతసేపూ మిషన్ ఒక్కసారీ ఆగలేదు. ఏ లోపమూ లేదని చెప్పి వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఆగింది.

"కొత్తోళ్ల ముందర బుద్ధిగుంటాదిమ్మే, పెండ్లిచూపుల్లో పిల్ల లెక్క" అంది వదిన, నవ్వకుండా. కొత్త మిషన్ కొందామంటే మాత్రం ససేమిరా అనేది.

సాయంత్రం నేను నంద్యాల బస్సుకు బయలుదేరుతుంటే బొరుగుల ఉగ్గాణి పొట్లం చేతిలో పెట్టేది. బస్సులో నేను ఏమీ తిననని ఆమెకు తెలుసు. తినకుంటే పక్కవాళ్లకు ఇమ్మనేది. ఇచ్చేదాన్ని. ఆ బస్సులో నన్ను పలకరించేవాళ్లు ఇంతమంది ఎందుకున్నారని మా మనవరాలు అడుగుతుంది.

ఆమె లేకపోతే ఆ మిషన్ ఎవరి మాటా వినదు, మూసేద్దామనే అనుకున్నాను. దినాలయ్యాక, ఉన్న మిరపకాయలైనా పట్టించాలని మిషన్ వేయించాను. మధ్యాహ్నం దాకా అది ఒక్కసారీ ఆగలేదు. సంతోషించాల్సింది పోయి నాకు కోపం వచ్చింది. ఆమె కోసం ఒక్క పూటైనా అలగకూడదా? లోపల ముగ్గురూ దగ్గుతూనే ఉన్నారు. ఇవాళ ఎందుకు ఆగలేదని వాళ్లలో పెద్దామెను అడిగాను.

"అక్క లేదు కదమ్మా" అంది.

అంటే ఏమిటని మళ్లీ అడిగాను. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పక్కామె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకో, ఏడుపుకో, నవ్వుకో నాకు తెలియలేదు.

మర్నాడూ మిషన్ ఆగలేదు. నిలబడలేక వదిన పీట మీద కూర్చుని కాళ్లు చాపాను. నా బొటనవేలు సరిగ్గా మోటారు కింది చెక్కముక్కకు తగిలింది. ఇన్నేళ్లూ ఆమె కావాలనే చేసిందా? ఆమె అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. అలిగిందని మిషన్‌ను తిట్టడం అబద్ధం కిందికి వస్తుందా? మరి కొత్తది ఎందుకు వద్దంది? ఎంత ఆలోచించినా ఎటూ తేలలేదు. కాలు వెనక్కి తీసుకోవాలో, ముందుకు నెట్టాలో కూడా తేలలేదు.

తలెత్తి చూశాను. ముగ్గురూ మిషన్ వైపు చూడటం లేదు. చేతులు ఆపి, నా కాలి వైపు చూస్తున్నారు.