ఇటలీ రాణి చేతులు, మా అక్క జాకెట్

మా అక్క సుజాత పెళ్లిలో భోజనాలు బాగున్నాయి, బాజాలు బాగున్నాయి, కొంప ముంచింది ఒక్క జాకెట్టే. దాన్ని కుట్టింది నేను. చెప్తాను వినండి, నవ్వుకుంటే నవ్వుకోండి. మా అక్క ముందు మాత్రం ఎత్తకండి, ఇప్పుడిప్పుడే మరిచిపోతోంది.

తొంభైల చివర్లో, మేడ్చల్‌లో మూడు నెలలు మిషన్ కుట్టడం నేర్చుకుని, ఇక నాకు రాని పని లేదనుకుంటున్న రోజులవి. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు. నేనైతే చేతిలో కత్తెరతో సహా ఎగిరాను. బ్యూటీపార్లర్‌లో ఒక ఇంగ్లిష్ పత్రిక దొరికింది. ఒక పేజీలో ఐదొందల ఏళ్లనాటి ఇటలీ చిత్రం. అందులో ఒక రాణి. ఆమె బుట్టచేతులకు నిలువునా చీలికలు, వాటిలోంచి తొంగిచూసే తెల్లటి లోగుడ్డ. పక్క పేజీలో అవే చేతులున్న గౌనులో ఇప్పటి మోడల్.

అంతే, అక్క పెళ్లిజాకెట్ పట్టుగుడ్డ మీద కత్తెర పెట్టాను. ఒక్కో చేతికి ఎనిమిది చీలికలు. లోపల తెల్లగుడ్డ వేసి, రెండు గుడ్డలనూ కలిపి మోచేతి దగ్గర బిగించి కుట్టాను.

మా అవ్వ చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "ఎలుకలు కొట్టినయానే?"

"ఫ్యాషన్ అవ్వా! ఇటలీ రాణి గిట్లనే తొడుక్కున్నది."

"ఆ రాణికి సూదిదారం దొర్కలేదా?"

అక్క మాత్రం, "నా చెల్లె కుట్టింది, గిదే ఏస్కుంట" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా వస్తుంది, కారణమే వేరు.

తలంబ్రాల దగ్గర బావ పోటీకి దిగి దోసిళ్లతో కుమ్మరించాడు. బియ్యం అక్క తల మీంచి భుజాల మీదికి, అక్కణ్నుంచి తిన్నగా చీలికల్లోకి! మోచేతి దగ్గరి కుట్టు ఒక్క గింజను కూడా కింద పడనివ్వలేదు. మూడు నెలల్లో నేను సరిగ్గా వేసిన కుట్టు అదొక్కటే.

"ఒసేయ్, చేతులు బరువైతున్నయ్," అక్క గొణిగింది.

"ఊకో అక్కా, ఫొటోల మస్తు నిండుగ కనపడుతున్నయ్."

సాయంత్రం శామీర్‌పేటలో అత్తగారిల్లు. తోడుగా నేనూ వెళ్లాను. ఆ అత్తమ్మ దగ్గితే వాకిట్లో కోళ్లు కూడా సర్దుకుని నిలబడేవి. "ఆమె ముందట చిన్న తప్పు జరిగినా నా పని ఖతం" అని అక్క నిశ్చితార్థం నుంచీ వణుకుతూనే ఉంది.

గడప మీది బియ్యం చెంబును కాలితో తన్ని, అక్క బుద్ధిగా లోపలికొచ్చింది. అత్తమ్మ కాళ్లకు మొక్కుదామని వంగి చేతులు చాచింది. చీలికల్లోంచి జలజలమంటూ పాదాల మీద పసుపుబియ్యం! మామయ్యకు మొక్కింది, మళ్లీ జలజల. అక్క కళ్లలో నీళ్లు.

"తప్పు నాదే అత్తమ్మా! ఇటలీ రాణిని జూసి కుట్టిన," అన్నాను అక్క ముందుకొచ్చి.

అత్తమ్మ వంగి గుప్పెడు బియ్యం కొంగులోకి ఎత్తుకుంది. "అందరి కోడళ్లు చెంబెడు బియ్యం కాలుతోని తన్నుకుంట వస్తరు. నా కోడలు రెండు చేతుల నిండ తెచ్చింది. ఏడుస్తవేందే పిచ్చిదానా?" అని అక్కను దగ్గరికి తీసుకుంది.

నేను ఊపిరి పీల్చుకుంటుండగా నావైపు తిరిగింది. "నువ్వొక మాట ఇయ్యి. నా బిడ్డ పెండ్లికి మాత్రం గసొంటి జాకిట్ కుట్టకు. మా ఇంటి బియ్యమంత అవతలోళ్లకు పోతయ్."

కాబట్టి పాఠక మహాశయులారా, కత్తెర మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇటలీ రాణులందరూ వరసకట్టి వచ్చి బతిమాలినా సరే, శామీర్‌పేట గింజ ఒక్కటి కూడా నా కుట్టు వల్ల ఊరు దాటదు.