పాస్టరమ్మ కాచిన ద్రాక్షరసం

పాస్టరమ్మ పోయిందని ఆటో అన్న ఫోన్ చేసినప్పుడు మొఘల్‌పురాలోని నా కొట్లో ఎవరిదో మిక్సీ విప్పుకుని కూర్చున్నాను. "నిద్రలనే పోయిందట తమ్మీ" అన్నాడు. "అచ్ఛా" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి స్క్రూలు బిగించాను. మీట నొక్కితే మిక్సీ తిరిగింది. తిరిగిందే అనుకున్నాను. ఆ రోజు నాకు తట్టింది అంతే.

పురానాపూల్ దగ్గర సందులో మా చర్చి. పాస్టరుగారి భార్య కాబట్టి ఆమె మాకు పాస్టరమ్మ. కోస్తా నుంచి వచ్చి ఇన్నేళ్లు ఈ బస్తీలో ఉన్నా ఇక్కడి యాస ఒక్క ముక్క అంటించుకోని మొండి మనిషి. గురువారం సాయంత్రం చర్చి వెనక గదిలో ఆటో తోలే అన్నను, నన్ను, మాలాంటి వాళ్లను కూర్చోబెట్టేది. మందు, గుట్కా, పేకాట, నిద్రమాత్రలు, పెళ్లాం మీదికి లేచే చెయ్యి. ఎవరు దేన్ని వదల్లేకపోతున్నారో వాళ్ల నోటితో చెప్పాలి, మిగతా వాళ్లు వినాలి. తర్వాత ప్రార్థన, ఆ తర్వాత ఉప్మా.

నన్ను మా ఆవిడ ఈడ్చుకెళ్లింది. నా వంతు రాగానే లేచి, "నాకు ఉప్మా బీమారి అమ్మా. కనవడితే ఆగలేను" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె మాత్రం తలాడించింది.

"అలాగా నాయనా. ఇదుగో, ఇతనికెవరూ ఉప్మా పెట్టకండి. మనం కూడా సాయం చెయ్యకపోతే ఎలా?"

నిజంగానే పెట్టలేదు! వారాల తరబడి వాళ్లు తింటుంటే వేయించిన జీడిపప్పు వాసన పీల్చుకుంటూ కూర్చున్నాను. చివరికి ఒక గురువారం, "మందు అమ్మా. పొద్దుగాల లేవంగనే కావాలె" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం నేనూ అదే మొదటిసారి వినడం. ఆమె లేచి ప్లేటు తెచ్చి చేతిలో పెట్టింది. "తిను, చల్లారిపోతుంది."

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల. తలా ఒక రొట్టెముక్క, ఒక గుక్క ద్రాక్షరసం. ఒకప్పుడు సీసాలో కొన్న తియ్యటి వైన్ పోసేవారట. ఒకసారి ఆ గుక్క గొంతు దిగగానే ఆటో అన్న చర్చి నుంచి సీదా కల్లు కాంపౌండుకు పోయాడు. మళ్లీ మనిషి కావడానికి ఏడాది పట్టింది. అప్పటి నుంచి ఆమె సీసా గడప దాటనివ్వలేదు. శనివారం మధ్యాహ్నం నల్లద్రాక్ష కాచి, గుడ్డలో పిండి, తానే చేసేది. సంఘ పెద్దలు సణిగితే, "మా పిల్లలు తాగలేనిది బల్ల మీద ఉండదు" అంది. ఆ పిల్లల్లో ఆటో అన్నకు అప్పటికే తెల్లగడ్డం.

రుచి చూసే పని నాది. ఒక శనివారం గరిటె నాకి మొహం వికారంగా పెట్టాను. "అమ్మా, పులిసింది. జర కిక్కు గూడ ఉన్నది."

ఆమె గిన్నె ఎత్తి మొత్తం పెరటి మోరీ కాలవలో పారబోసింది.

"అయ్యో అమ్మా! మజాక్ చేసిన!"

"తెలుసురా. ఇప్పుడే దించింది ఎలా పులుస్తుంది?"

"మరెందుకు పారవోసినవ్?"

"నవ్వి ఊరుకోవడం అలవాటైతే, నువ్వు నిజం చెప్పిన రోజు కూడా నవ్వుతాను. నీ మాట నమ్మడం నా వంతు. ఏ మాట చెప్పాలో అది నీ వంతు. పో, ద్రాక్ష పట్రా."

మండుటెండలో సంచి పట్టుకుని పోయాను. తర్వాతెప్పుడో చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద నిలబడి, "తాగబుద్ధయితుందమ్మా" అని ఫోన్ చేశాను. మజాకా అని అడగలేదు. ఆటో అన్నను లేపి, ఆటోలో వచ్చి నా పక్కన కూర్చుంది. ముగ్గురం పల్లీలు తిన్నాం. అంతే, ఇంటికి పోయాం.

సమాధి దగ్గర ఆటో అన్న పెట్టె పట్టుకుని ఏడ్చాడు. "నువ్వు ఏడుస్తలేవేంది తమ్మీ?" అన్నాడు. "వస్తలేదన్నా." ఏడుపే కాదు, నాలుకకు రుచి కూడా పోయింది. చాయ్, మంచినీళ్లు ఒక్కటే. మందు మీదికీ మనసు పోలేదు. సంతోషించాల్సిందే కదా అంటారు మీరు. నాకు మాత్రం భయమేసింది. లోపల కాపలా కాసేవాడు కూడా లేడనిపించింది.

బల్ల ఆదివారం దగ్గరపడింది. "ఈసారికి సీసా కొందాం" అన్నాడు ఒక పెద్దమనిషి. పాస్టరుగారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. "నేను కాగవెడ్త" అన్నాను.

శనివారం ఆమె వంటింట్లో, ఆమె గిన్నెలో కాచి, ఊదారంగు పట్టిన ఆమె గుడ్డలోనే పిండాను. గరిటె నోట్లో పెట్టుకుంటే వెచ్చగా తగిలింది, అంతే. రేపు ఇదే గుంపులో అందరి గొంతుల్లో దిగాలి. "అన్నా, నా నాలుక పని చేస్తలేదు. నువ్వు జూడు."

ఆటో అన్న చప్పరించి మొహం ముడుచుకున్నాడు. "పులిసింది తమ్మీ."

ఇప్పుడే దించింది. ఆయన మీసాల కింద నవ్వు ఉందేమో చూద్దామనిపించింది. చూడలేదు. గిన్నె చెవులు పట్టుకుని మోరీలో ఒంపేశాను.

"అరే, అరే తమ్మీ..." అంటూ లేచి, ఆయన మధ్యలోనే ఆగిపోయాడు.

మోరీ పొడుగునా ఆవిరి లేస్తోంది. తలుపు వెనక మేకుకు ఆమె ద్రాక్ష సంచి అలాగే వేలాడుతోంది.